యంత్రశిల్పి జి. డి. నాయుడు

నెల్లూరు మండలమున సముద్రతీరమునకు చేరువగా అల్లూరు అను పురము కలదు. పెన్నానది నీటితో పండు మాగాణి భూములు ఆ ప్రాంతమున విస్తరించి యున్నవి. కాలువనీరు అందని చోట్ల, తోటలలోను మెట్టచేలలోను, బావిగట్టుమీద ఒక చిన్నగదియు, ఆ గదిలో విద్యుత్తుతో పనిచేయు మోటారును కనబడును. మీట నొక్కినంతనే అది గిరగిర తిరుగుచు బావిలోని నీటిని పైకి తోడును. మన తాతలు కపిలకు ఎద్దులను కట్టి ఉదయమునుండి మధ్యాహ్నమువఱకు శ్రమించి తోడిన నీరు నేడు స్వల్పకాలములో పొలము చేరుచున్నది. ఆ మోటారుమీద బిగించిన రేకుబిళ్లను చదివినచో తఱచుగా కోయంబత్తూరు అను ఊరిపేరు దర్శనమిచ్చును.

తమిళదేశమున ఎక్కడనో కొండల దాపున నున్న ఆ నగరము మన రైతుల బావులకు ఇట్లు చుట్టమెట్లయ్యెను? అందులకు కారణములు పెక్కు కలవు. వానిలో ఒకటి, మూడవ తరగతికి మించి చదువు సాగని ఒక తెలుగు రైతుబిడ్డ పట్టుదల. ఆయన పేరు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకము ఆయనను జి. డి. నాయుడని పిలిచెను.

విజయనగర రాజుల కాలమునను, ఆ తరువాతను, ఎన్నియో తెలుగు కుటుంబములు దక్షిణమునకు తరలిపోయి, కోయంబత్తూరు, మధుర మొదలగు మండలములలోని నల్లరేగడి నేలలను సాగుచేసికొని స్థిరపడినవి. వారు ఇంట తెలుగును, వీథిలో తమిళమును మాటలాడుచు తరములు గడపిరి. అట్టి కుటుంబములలో ఒకదానియందు, కోయంబత్తూరు మండలమున సూలూరునకు చేరువనున్న కలంగల్ అను పల్లెలో, 1893 వ సంవత్సరము మార్చి 23 వ తేదీన దొరస్వామి జన్మించెను. తండ్రి గోపాలస్వామి నాయుడు వ్యవసాయదారుడు. బిడ్డ పసితనముననే తల్లిని కోల్పోయెను.

బడి యన్న ఆ బాలునకు గిట్టదు. ఒకచోట కూర్చుండి, చెప్పినదానినే మరల మరల వల్లించుట అతనికి చెరసాలవలె తోచెడిది. కోపము వచ్చినప్పుడు ఉపాధ్యాయునిపై ఇసుక చల్లి పాఱిపోయెనని కూడ చెప్పుదురు. ఇది బాలురు అనుకరింపదగిన విషయము కాదు. ఆ ఇసుక చల్లిన చేతులే పిమ్మట ఒక ఇంజనీరింగు కళాశాలను నిలబెట్టెనన్న సంగతి తెలిసినచో ఆ ఉపాధ్యాయుడు తప్పక ఆశ్చర్యపడి యుండును. బడి చదువు మూడవ తరగతితో ముగిసెను. అటుపిమ్మట దొరస్వామి తండ్రితో పాటు పొలమునకు పోవుచు, చేతికందిన తమిళ పుస్తకములను తనంతట తానే చదువుకొనుచు పెరిగెను.

ఒకనాడు ఆ ప్రాంతమునకు ఒక ఆంగ్లేయ రెవిన్యూ అధికారి మోటారుసైకిలుమీద వచ్చెను. ఆ దినములలో పల్లెటూళ్లవారు ఎఱిగిన వాహనములు ఎద్దుబండియు గుఱ్ఱపుబండియు మాత్రమే. ఎద్దులు లేవు, గుఱ్ఱము లేదు, త్రొక్కువాడును లేడు. ఐనను చక్రములు తిరుగుచున్నవి. తక్కినవారు ఆ శబ్దమునకు బెదరి తొలగిపోవు కాలమది. దొరస్వామి మాత్రము దానిని రెప్పవేయక చూచెను. అది రడ్జి అను ఆంగ్లేయ సంస్థవారు చేసిన వాహనము. ఇంగ్లాండులో కొవెంట్రీ నగరమున సైకిళ్లు చేయుచుండిన ఆ సంస్థ 1911 లో మోటారుసైకిళ్ల నిర్మాణమునకు పూనుకొనెను. దాని యంత్రమునకు ఒకే సిలిండరు. వెనుకచక్రమునకు శక్తి నందించుటకు గొలుసునకు బదులు ఒక పట్టీ యుండెడిది.

అట్టి బండి తనకును కావలెనని దొరస్వామి నిశ్చయించుకొనెను. కాని చేతిలో ధనము లేదు. రైతు కుటుంబమున పుట్టినవాడు పట్టణమునకు పోయి భోజనశాలలో వడ్డనపని చేయుట ఆ రోజులలో గౌరవమైన సంగతిగా ఎవ్వరును తలంచెడివారు కారు. దొరస్వామి ఆ మాటను లక్ష్యపెట్టక కోయంబత్తూరునకు పోయి ఒక హోటలులో పనికి కుదిరెను. మూడు సంవత్సరములు ఆకులు వేసి, వడ్డించి, బల్లలు తుడిచి, పైస పైస కూడబెట్టి, సుమారు 300 రూపాయలకు ఆ మోటారుసైకిలునే కొనెను.

కొన్నవాడు దానిమీద ఊరేగియుండునని మనము తలంతుము. అతడు చేసినది వేఱు. దానిని ఏ భాగమున కా భాగముగా ఊడదీసెను; మరల కూర్చెను. నేర్పువా రెవ్వరును లేరు. వివరించు పుస్తకము అతని భాషలో లేదు. యంత్రమే గురువు, యంత్రమే గ్రంథము.

అట్టి యంత్రమును విప్పినవానికి కనబడు విచిత్రమెట్టిదో కొంచెము తెలిసికొనుట మంచిది. ఇనుముతో పోతపోసిన ఒక గొట్టము, దానిలో పైకిని క్రిందికిని ఆడు ఒక దిమ్మ. గొట్టమునకు సిలిండరనియు, దిమ్మకు పిస్టననియు పేరు. పిస్టను మొదటిసారి క్రిందికి దిగునప్పుడు పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమము లోపలికి వచ్చును. మరల పైకి పోవునప్పుడు ఆ మిశ్రమము ఇఱుకుచోటున అదుమబడును. అప్పుడు ఒక విద్యుత్కణము మెఱసి మిశ్రమము భగ్గుమని మండును. ఆ మంటవలన వ్యాకోచించిన వాయువులు పిస్టనును బలముగా క్రిందికి త్రోయును. ఈ త్రోపే బండిని నడపు శక్తి. నాలుగవ కదలికలో పిస్టను పైకి పోవుచు కాలిన పొగను వెలుపలికి గెంటును. తరువాత మొదటి పనియే మరల. ఈ నాలుగు పనులును ఒకదాని వెంట నొకటి క్షణమాత్రముకూడ తప్పకుండ జరుగవలెను. ద్వారము తెఱచుకొనవలసిన సమయమునకు మూసికొన్నను, కణము ముందుగా మెఱసినను, బండి దగ్గి ఆగిపోవును.

ఊడదీయుట ఎవ్వరికైనను చేతనగును. గడియారమును విప్పిన బాలు రెందఱో కలరు. మూత మూసిన పిమ్మట నేలమీద రెండు చక్రములు మిగిలియుండుట వారందఱికిని అనుభవమే. అన్ని భాగములను యథాస్థానములలో చేర్చి, మరలను తగినంత మేరకే బిగించి, యంత్రమును మరల పలికించుటలోనే విద్య ఉన్నది. దొరస్వామి ఆ విద్యను తనంత తాను సాధించెను. క్రమముగా ఇతరుల బండ్లను బాగుచేయగల నేర్పరి యయ్యెను.

ఆయన జీవితమున అన్ని అడుగులును విజయములే యనుకొనరాదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున తిరుప్పూరులో ప్రత్తి వ్యాపారమునకు దిగి, ప్రత్తినుండి గింజలు వేఱుచేయు మిల్లు నడపి, మంచి లాభము గడించెను. ఆ ఉత్సాహముతో బొంబాయికి పోయి అచ్చటి ప్రత్తి వాణిజ్యమున ధనమును పెట్టెను. ధరల ఎగుడుదిగుడులలో ఆ ధనమెల్ల కరగిపోయెను. లక్షాధికారియై పోయినవాడు వట్టిచేతులతో తిరిగివచ్చెను. యంత్రమునందు కారణము లేక కార్యము పుట్టదు. బజారునందు అట్లు కాదు. బొంబాయి ఆయనకు ఈ భేదమును కొంత వెల గైకొనియే బోధించెనని చెప్పవచ్చును.

కోయంబత్తూరులో సర్ రాబర్టు స్టేన్సు అను ఆంగ్లేయ వర్తకుడు ఉండెను. ఆయన యువకుడుగా భారతదేశమునకు వచ్చి, కాఫీ వ్యాపారముతో ఆరంభించి, ఆ నగరమున నూలుమిల్లును పాఠశాలను నెలకొల్పినవాడు. నాయుడు ఆయన నాశ్రయించెను. స్టేన్సు మనుష్యులను గుర్తింపగల వృద్ధుడు. ఉద్యోగమిచ్చి ఊరకుండుటకంటె, ఈ యువకుని స్వతంత్రముగా నిలబెట్టుట మేలని ఆయనకు తోచినది. 8,000 రూపాయల వెలగల ఒక మోటారుబస్సును కొనుటకు 4,000 రూపాయలు అప్పుగా ఇచ్చెను. చేతిలో చిల్లిగవ్వ లేనివానికి అంత పైకము ఇచ్చుట సామాన్యము కాదు.

1920 లో ఆ ఒక్క బస్సుతో నాయుడు పొల్లాచ్చి, పళని పట్టణముల నడుమ రాకపోకలు ఆరంభించెను. పొల్లాచ్చి సంతకు ప్రసిద్ధి. పళని సుబ్రహ్మణ్యస్వామి కొండకు ప్రసిద్ధి. ఇటు వర్తకులును అటు యాత్రికులును ఉండుటచే బండికి జనము కొఱతపడలేదు. బస్సును ఆయనయే స్వయముగా నడపెను. ఆనాటి బాటలు నేటివి కావు. కంకరరాళ్లు, ధూళి, వంతెనలు లేని వాగులు. దారి మధ్యమున చక్రపు గాలి పోయినను, యంత్రము మొరాయించినను, దాపున మరమ్మతుశాల లేదు. బండిని నడపువాడే బాగుచేయువాడును కావలెను. రడ్జి మోటారుసైకిలును విప్పి నేర్చిన పాఠము ఇచ్చట అక్కఱకు వచ్చెను.

ఒక బస్సు రెండయ్యెను, రెండు పదులయ్యెను. యూనివర్సల్ మోటార్ సర్వీసు అను పేర ఆ సంస్థ పెరిగి, కొలది సంవత్సరములలోనే దేశమున మిక్కిలి సమర్థముగా నడచు బస్సు సంస్థలలో ఒకటిగా పేరొందెను. నాయుడు వేళకు ప్రాణమిచ్చు మనిషి. బండి బయలుదేఱవలసిన నిమిషమునకు బయలుదేఱవలెను. ప్రయాణికుడు గొప్పవాడైనను పేదవాడైనను బండి ఎవ్వరికొఱకును ఆగరాదు. బస్సుల కోసము కావలసిన విడిభాగములను బాగుచేయుటకును, క్రొత్తగా చేయుటకును, ఆయన కర్మశాలలను ఏర్పఱచెను. పెక్కుమంది యువకులు ఆ కర్మశాలలలో పని నేర్చిరి.

ఈ సమయముననే కోయంబత్తూరు సీమయందు గొప్ప మార్పు వచ్చినది. నీలగిరులలో పైకారా జలపాతమువద్ద 1932 లో జలవిద్యుత్కేంద్రము పనిచేయ నారంభించెను. విద్యుత్తు కొండ దిగి పట్టణమునకు వచ్చెను. వెంటనే నూలుమిల్లులు లేచినవి. ఆ సీమ వర్షము తక్కువైన సీమ; బావులు లోతైనవి. విద్యుత్తు వచ్చినప్పుడు రైతు ఆశ బావివైపు మఱలుట సహజము. కాని తీగలలో విద్యుత్తు ఉండినంత మాత్రమున నీరు పైకి రాదు గదా! దానిని చలనముగా మార్చు మోటారు కావలెను. అట్టి మోటారులన్నియు సముద్రముల కావలనుండి ఓడలలో వచ్చుచుండినవి. చెడినచో భాగములకై నెలలకొలది ఎదురుచూడవలెను.

విద్యున్మోటారును చూచుటకు ఏమియు లేదు. ఇనుప బుడ్డివలె నుండును. లోపల పలుచని ఇనుప రేకులను వేలకొలది పేర్చి, వాని గాళ్లలో రాగితీగను చుట్లుచుట్లుగా చుట్టుదురు. తీగకును రేకునకును నడుమ విద్యుత్తు దూరని పూత యుండవలెను. నడిమి ఇరుసు వెండ్రుకవాసియైన ప్రక్కకు ఒఱగక తిరుగవలెను. తిరుగు భాగమునకును నిలిచియుండు భాగమునకును నడుమ మిక్కిలి సన్నని సందు మాత్రమే ఉండును. ఆ సందు ఎక్కువైన బలము తగ్గును. తక్కువైన భాగములు ఒరసికొని చెడును. ఇట్టి సూక్ష్మమైన పని భారతీయుల చేతులలో సాధ్యము కాదను అభిప్రాయము ఆ కాలమున బలముగా ఉండెను. మనవారిలోనే ఎందఱో దానిని నమ్మిరి.

నాయుడు నమ్మలేదు. కోయంబత్తూరు చెంత పీళమేడులో నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్సు అను కర్మాగారమును నెలకొల్పెను. అందు డి. బాలసుందరం నాయుడు అను ప్రతిభావంతుడైన యంత్రజ్ఞుడు ఆయనకు తోడయ్యెను. 1937 లో ఆ కర్మాగారమునుండి విద్యున్మోటారు వెలువడెను. భారతదేశమున తయారైన తొలి విద్యున్మోటారుగా దానిని చెప్పుదురు. బాలసుందరం పిమ్మట టెక్స్‌టూల్ అను ప్రత్యేక సంస్థను స్థాపించి, నూలుమిల్లుల యంత్రముల నిర్మాణమున పేరుగాంచెను. ఆ నేర్పు ఒకరినుండి ఒకరికి ప్రాకి, మోటారులు, పంపులు చేయు కర్మాగారములు కోయంబత్తూరు నిండ వెలసినవి. మన అల్లూరి చేలవఱకు ఆ ఊరిపేరు వచ్చిన త్రోవ ఇది.

నాయుడు ఇతరదేశములకు పెక్కుమార్లు పోయెను. పోయిన ప్రతిచోటను ఛాయాచిత్రములు, చలనచిత్రములు తీయుట ఆయనకు వ్యసనము. 1936 లో లండనునందు జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయముగా చిత్రించెను. ఆ యేడే ఇచ్చట ఎన్నికలలో పోటీచేసి ఓడిపోయెను. రాజకీయములకు ఆయన స్వభావము పొసగదు. ఆ ఓటమివలన దేశమునకు వచ్చిన నష్టమేమియు లేదు.

ఆయన కల్పించిన చిన్నచిన్న వస్తువుల జాబితా చాల పొడవైనది. పొడి సెల్లులతో తిరుగు చిన్న మోటారును అమర్చిన క్షౌరయంత్రము అందులో ప్రసిద్ధమైనది. దానికి రసాంట్ అని పేరు. పలుచని క్షురపత్రములు, పండ్లరసము తీయు యంత్రము, చిత్రగ్రహణ యంత్రమునకు దూరమును సరిచూచు సాధనము, విద్యుత్తు లేని ఇండ్లకొఱకు కిరోసిను మంటతో తిరుగు పంకా మొదలగునవి ఆయన చేసినవే. ఓట్లను మోసమునకు తావులేకుండ లెక్కించు యంత్రమును కూడ ఆయన రూపొందించెను. మన దేశపు ఎన్నికలలో విద్యుత్ ఓటింగు యంత్రము మొదటిసారి వాడబడినది 1982 లో, కేరళలోని పరవూరున. నాయుడు అప్పటికి కీర్తిశేషుడై ఎనిమిదేండ్లు గడచినవి. 1941 లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే భారతదేశమున తయారుచేయవచ్చునని ఆయన ప్రకటించెను. రేడియో ధనవంతుల ఇండ్లలో మాత్రమే పాడుచుండిన కాలమున ఈ ప్రకటన పెక్కుమందికి నమ్మశక్యము కాలేదు.

పొలమును ఆయన విడువలేదు. పది అడుగుల ఎత్తు పెరుగు ప్రత్తిచెట్లను, అసాధారణమైన బొప్పాయిలను, జొన్నను పండించెను. సర్ సి. వి. రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య వంటి మహామేధావులు వచ్చి ఆ తోటలను చూచి పోయిరి.

విద్య విషయమున నాయుని తలపులు విలక్షణమైనవి. 1945 లో కోయంబత్తూరునందు ఆయన పూనికతో ఒక ఇంజనీరింగు కళాశాలయు, ఒక పాలిటెక్నికును ఏర్పడినవి. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోపు పేర వానికి నామకరణము జరిగినది. నాయుడే దానికి అధ్యక్షుడు. మూడవ తరగతి చదివినవాడు ఇంజనీరింగు కళాశాలకు అధ్యక్షుడగుట వింత గదా! విద్యార్థి సుత్తిని పట్టక, ఆకురాయిని ఎఱుగక, పుస్తకమే వల్లించి ఇంజనీరగుట ఆయనకు సమ్మతము కాదు. నాలుగేండ్లలో చెప్పు పాఠమును, కర్మశాలతో కలిపి నేర్పినచో, రెండేండ్లలో ముగింపవచ్చునని ఆయన వాదము. ప్రభుత్వము అందులకు అంగీకరింపలేదు. తాను నమ్మని పద్ధతిని నడపుట ఇష్టములేక ఆయన పదవిని విడిచిపోయెను. రెండేండ్లు చాలునా యను ప్రశ్నకు విద్వాంసులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు. గణితము లోతుగా నేర్చుటకు కాలము కావలెనను వారి మాటలోను బలమున్నది. ఏమైనను ఆ కళాశాల నశింపలేదు. ప్రభుత్వ సాంకేతిక కళాశాల యను పేర అది కోయంబత్తూరున వర్ధిల్లినది. పీళమేడు వైపు ఒక బస్సు ఆగుచోటును జనులు హోప్సు అనియే పిలుచుచుండుట అలవాటైనది.

ఇక ఆయన జీవితమున అన్నిటికంటె ఆశ గొలిపినదియు, అన్నిటికంటె నొప్పించినదియు నగు ప్రయత్నమును చెప్పవలెను. అది చిన్నకారు.

మోటారుసైకిలును విప్పిన నాటినుండి, తన చేతులతో ఒక కారును మొదటినుండి చివరివఱకు చేయవలెనను కోరిక ఆయన మనస్సున ఉండియే యుండును. కారును బాగుచేయుట ఒకటి, కారును చేయుట మఱొకటి. బాగుచేయువానికి చెడిన భాగము ఎదుట ఉండును. దానిని చూచి అట్టిదే చేయవచ్చును. చేయువానికి ఎదుట ఉండునది తెల్లకాగితము. చట్రము ఎంత పొడవుండవలెను, బరువు ఏ చక్రముమీద ఎంత పడవలెను, ఇంజను ముందుండవలెనా వెనుక నుండవలెనా, ప్రతిదానిని తానే నిర్ణయింపవలెను. తరువాత సిలిండరు వంటి భాగములకు మొదట కఱ్ఱతో నమూనా చెక్కుదురు. ఆ కఱ్ఱ నమూనా కావలసిన కొలతకంటె కొంచెము పెద్దదిగా ఉండవలెను. ఏలయన కరగిన లోహము చల్లాఱునప్పుడు ముడుచుకొనును. ఈ ముడుత ఇనుమునకు ఒకమేర, అల్యూమినియమునకు మఱొకమేర. నమూనాను ఇసుకలో పాతి, అచ్చు తీసి, బోలుగా ఉండవలసిన చోట ఇసుకతోనే చేసిన గట్టి దిమ్మను నిలిపి, కరగిన లోహమును పోయుదురు. చల్లాఱిన పోతను తరిమెనపట్టి, కొలిచి, మరల పట్టి, మరల కొలిచి, అద్దమువలె నునుపు చేయుదురు. ఒకచోట గాలిబుడగ చిక్కినచో నెలల శ్రమ వృథా. మన పల్లెలలో కంచరివారు గంటలను విగ్రహములను పోతపోయు పద్ధతికిని దీనికిని దూరపు చుట్టఱికము కలదు. కాని విగ్రహపు చేయి గోరంత వంగినను పూజకు పనికివచ్చును, పిస్టను గోరంత పెరిగినచో కదలదు.

1952 లో నాయుని కర్మశాలనుండి ఇద్దఱు కూర్చుండదగిన పెట్రోలు కారు బయటికి వచ్చెను. దాని వెలను ఆయన 2,000 రూపాయలుగా నిర్ణయించెను. ఆనాటి తక్కిన కార్లతో పోల్చినచో అది ఎంతయో చౌక. ఉపాధ్యాయుడు, గుమాస్తా, చిన్న వర్తకుడు, పల్లెలు తిరుగు వైద్యుడు, ఇట్టివారు కొనగల బండి కావలెనని ఆయన తలంపు. అప్పటికి కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో మూడు నాలుగు సంస్థలు విదేశపు నమూనాల ననుసరించి కార్లను కూర్చుచుండెను. విదేశీ సంస్థ తోడు లేక, ఒక మండల పట్టణమున పుట్టిన కారు ఇది.

కాని వస్తువును చేయగలిగినంత మాత్రమున దానిని అమ్ముటకు వీలుండదు. 1951 లో పరిశ్రమలను క్రమబద్ధము చేయు శాసనము వెలువడి 1952 లో అమలునకు వచ్చెను. క్రొత్త పరిశ్రమ స్థాపింప దలచినవారు కేంద్రప్రభుత్వమునుండి లైసెన్సు పొందవలెను. దేశమున విదేశద్రవ్యము తక్కువ; ఉక్కు తక్కువ; ఉన్నదానిని కొలది కర్మాగారములకే కేటాయించి వానిని బలపఱచుట మేలని ప్రభుత్వపు లెక్క. కారును విలాసవస్తువుగా నెంచుట కూడ ఆనాటి భావమే. నాయుడు లైసెన్సు కోరెను. ప్రభుత్వము నిరాకరించెను. చిన్నకారు నిర్మాణము అంతటితో నిలిచిపోయెను.

ఇందు న్యాయమెవ్వరి పక్షమున ఉన్నదో చెప్పుట సులభము కాదు. ఒక కారును చేతితో చక్కగా చేయుట గొప్పదే. అట్టివానిని పదివేలు, ఒకదానికొకటి భేదము లేకుండ, అదే వెలకు చేయుట ఇంకను కష్టము. రెండువేల రూపాయలకు నాయుడు అట్లు చేయగలిగియుండునా యన్నది పరీక్షకు నిలువలేదు. నిలుచుటకు అవకాశమే ఇయ్యబడలేదు. ఆ అవకాశము కూడ ఇయ్యకపోవుటయే బాధాకరము. తరువాతి కాలమున ప్రభుత్వమే సామాన్యుని చిన్నకారును గూర్చి సంఘములను నియమించి విచారణలు జరిపించెను. 1983 డిసెంబరులో మారుతి చిన్నకారు బయటికి వచ్చువఱకు ఆ కోరిక నెఱవేఱలేదు. నాయుని కారు పుట్టిన తరువాత ముప్పదియొక్క సంవత్సరములు గడచినవి.

ఈ దెబ్బకు ఆయన క్రుంగి ఊరకుండలేదు. కాని ఆయన మాటలలో ప్రభుత్వముపట్ల కటుత్వము పెరిగినది. పన్నులను గూర్చియు, అనుమతులను గూర్చియు ఆయన బహిరంగముగా విమర్శించుచుండెను. కోపము కొన్నివేళల హద్దు మీఱినదనియు ఆయన మిత్రులు తలంచిరి. అప్పటికి చాల ముందే, 1944 లో, ఆయన తన మోటారు వ్యాపారమునుండి కొంతవఱకు విరమించి, పరిశ్రమలలో పనిచేయువారి క్షేమమునకై ఒక సంఘమును స్థాపించి యుండెను. కార్మికుల సంక్షేమమునకును, విద్యార్థుల వేతనములకును, పరిశోధనలకును ఆ సంఘము ద్వారా ధనము వెచ్చింపబడెను.

1967 లో నాయుడు కోయంబత్తూరున అవినాశి బాట ప్రక్కన ఒక స్థిరమైన పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పెను. యంత్రములను అద్దాల వెనుక దాచి చూపుట ఆయన కిష్టము లేదు. లోపల ఏమి జరుగుచున్నదో బాలురు చూచి తెలిసికొనవలెను. అందులకై ఎన్నియో యంత్రములను కోసి, పొరలు తీసి, కదలుచున్నట్లు అమర్చి చూపిరి. తన బాల్యమున ఎవ్వరును తనకు చూపనిదానిని ఆయన ఇతర బాలురకు చూప నుంచెను.

1974 జనవరి 4 వ తేదీన, ఎనుబది యేండ్ల వయస్సున, జి. డి. నాయుడు పరమపదించెను.

ప్రదర్శనశాల ఆయన తరువాతను నిలిచెను. 2015 లో ఆయన కుటుంబమువారు అచ్చటనే పాతకాలపు మోటారుకార్లకు ప్రత్యేకముగా ఒక శాలను తెఱచిరి. దేశదేశములలో పూర్వము తిరిగిన కార్లు అందు వరుసలుగా నిలిచియున్నవి. కొన్నిటి మూతలు తెఱచియుండును. పాఠశాలల బాలురు గుంపులుగా వచ్చి, వంగి, ఇంజనులోనికి తొంగిచూచి, ఏ భాగము దేనిని త్రిప్పునో ఒకరికొకరు వ్రేలితో చూపుకొందురు.